ఒకే ఏడు నాటిన టేకు చెట్లు, మొద్దు మీద వలయాలు మాత్రం తేడా. ఎట్లా?

చెల్క_రైతు_నర్సంపేట
మా నాన్న 1991 వానాకాలంలో పొలం చుట్టూ టేకు స్టంపులు (పైనా కిందా కత్తిరించిన వేరు నారు) పెట్టించాడు. సగం పాకాల కాలువ గట్టు మీద, సగం వెనక గుట్ట వాలు మీద. ఒకే నర్సరీ నుంచి తెచ్చినవి, ఒకే వారంలో నాటినవి. 2025 ఫిబ్రవరిలో పర్మిషన్ తీసుకొని అక్కడొకటి, ఇక్కడొకటి కొట్టించాను. కాలువ చెట్టు చుట్టుకొలత ఐదడుగులు, గుట్ట చెట్టు మూడడుగుల లోపే. ఆ తేడా నీళ్ళ వల్ల అనుకున్నా, సరే. మొద్దు మీద వలయాలు లెక్కపెడితే కాలువ చెట్టుకు 35, గుట్ట చెట్టుకు 30 వచ్చాయి. కొనడానికి వచ్చినాయన గుట్ట చెట్టు చూసి "ఇది మధ్యలో చస్తే మళ్ళీ నాటిన చెట్టు, చేవ తక్కువ ఉంటది" అని రేటు తగ్గిస్తున్నాడు. నేను పుట్టి పెరిగిందే ఆ పొలంలో. అక్కడ మళ్ళీ ఎవరూ ఏదీ నాటలేదు. ఏడాదికో వలయం అని బడిలో చెప్పింది మరి తప్పా?

డిపో_బాబాయ్
అది బేరం మాట తమ్మీ. టేకు రేటు చుట్టుకొలత మీద, పొడవు మీద, వంకర ఉందా బొర్ర ఉందా అన్నదాని మీద. వలయాలు లెక్కపెట్టి డబ్బులిచ్చినోణ్ణి నా సర్వీసులో చూడలేదు.

మొద్దు_మాస్టారు
ముందు ఇది చెప్పండి: రెండింటినీ ఎంత ఎత్తులో కోశారు? చెట్టు పైకి పెరగడానికి ఏళ్ళు పడుతుంది కదా. నేల దగ్గర 34 ఉన్న చెట్టుకు ఛాతీ ఎత్తులో కాస్త తక్కువ ఉండొచ్చు, దుంగ పై కొసన ఇంకా తక్కువ. చాలామంది కలప డిపోలో సన్న కొస వైపు లెక్కపెట్టి చెట్టు వయసు అంటారు.

చెల్క_రైతు_నర్సంపేట
రెండూ నేలకు జానెడు ఎత్తులోనే సార్. మిషన్ రంపంతో కోశారు.

తాటివనం_రాజు
మా తాడిచెట్టుకు ఎన్ని వలయాలుంటాయి మాస్టారు? మా తాత వందేళ్ళ చెట్టు అంటాడు, కల్లు మాత్రం కొత్తగానే ఉంటది 😄

మొద్దు_మాస్టారు
తాడికి, ఈతకు, కొబ్బరికి వలయాలుండవు. అవి ఏటేటా లావు పెరిగే జాతి కాదు. బయట కనబడేవి రాలిన మట్టల గుర్తులు. తాతయ్య మాటే ప్రమాణం.

హన్మకొండ_బాటనీ
పాయింటుకు వస్తాను. బడిలో చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పారు.

మన దగ్గర వలయాలు స్పష్టంగా కనబడే కొద్ది చెట్లలో టేకు ఒకటి. ఎండాకాలానికి ముందు ఆకంతా రాల్చి నిద్రపోతుంది. మళ్ళీ చిగురు వేసేటప్పుడు ముందుగా పెద్ద పెద్ద నీటి గొట్టాలున్న కర్రను ఒక వరసగా పెడుతుంది. తర్వాత వానలు నడిచినంత కాలం చిన్న గొట్టాల గట్టి కర్ర పెడుతుంది. మొద్దు మీద మనకు కనబడే గీత ఆ పెద్ద గొట్టాల వరస. మన ఏడాది వానలో దాదాపు ఐదింట నాలుగు వంతులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది కాబట్టి చెట్టు పని కూడా ఆ నెలల్లోనే ఎక్కువ.

ఇప్పుడు మీ లెక్క. 1991 నుంచి 2024 దాకా 34 వానాకాలాలు. కాలువ చెట్టుకు ఒకటి ఎక్కువుంది. దాన్ని దొంగ వలయం అంటాం. వానల మధ్యలో నెల రోజులు ఎండ కాసినా, ఆకు తినే పురుగు లేతాకంతా తినేసి చెట్టు రెండోసారి చిగురించినా మధ్యలో ఇంకో గీత పడుతుంది. అసలు వలయం గీత కోసినట్టు తేటగా, చుట్టూ పూర్తిగా ఉంటుంది. దొంగది మెల్లగా కలిసిపోతుంది, కొంత దూరం పోయి మాయమవుతుంది.

గుట్ట చెట్టుది దానికి తిరగబడ్డ కథ. మట్టి పలచగా ఉండే చోట గట్టి కరువు వస్తే చెట్టు కాండం చుట్టూ పెంచడానికి సరిపడా తిండి ఉండదు. ఒక పక్కన పెంచి ఇంకో పక్కన మానేస్తుంది. అక్కడ రెండేళ్ళ గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని ఒకటిగా కనబడతాయి. కొన్నిసార్లు అసలు ఉండవు. మీరు మధ్య నుంచి బెరడు దాకా ఒకే వైపు లెక్కపెట్టి ఉంటే నాలుగు తగ్గడం నాకేమీ ఆశ్చర్యం కాదు.

పరకాల_పోరడు
అంటే గుట్ట చెట్టు అబద్ధం చెప్తుందా, కాలువ చెట్టు అబద్ధం చెప్తుందా? నాకు రెండూ దొంగలే అనిపిస్తున్నాయి.

గోదావరిఖని_రాయి
ఇద్దరిలో పనికొచ్చే సాక్షి గుట్ట చెట్టే. కాలువ చెట్టుకు వాన పడ్డా పడకపోయినా వేరు కింద ఊట ఉంటుంది. ఏటేటా దాదాపు ఒకే మందం పెడుతుంది. దానిలో వాన చరిత్ర వెతకడం దండగ. గుట్ట మీదిదానికి నీళ్ళే కరువు కాబట్టి నీళ్ళలో తేడా వచ్చిన ప్రతిసారీ వలయం మందంలో తేడా వస్తుంది. దేనికి కొరత ఉందో ఎదుగుదల దాని చెప్పుచేతల్లో ఉంటుంది, అంతే సూత్రం. అరిజోనాలో వలయాలు చదివే ఈ విద్యకు పునాది వేసిన డగ్లస్ నిజానికి ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చల జాడ చెట్లలో దొరుకుతుందేమో అని మొదలుపెట్టాడు. ఎండిన నేలల్లోని పైన్ చెట్లు బాగా పనికొచ్చాయి. 1937లో టూసాన్‌లో దీనికోసమే ప్రయోగశాల పెట్టారు.

హిమాలయాల్లో పైకెక్కితే కొరత మారుతుంది. అక్కడ కొన్నిచోట్ల వాన కంటే చలి ఎక్కువ లెక్క. అదే దేవదారు ఒక లోయలో వాన గురించి చెప్తే ఇంకో ఎత్తులో ఉష్ణోగ్రత గురించి చెప్పొచ్చు. కాబట్టి "సన్న వలయం అంటే కరువు" అని అన్నిచోట్లా అనేయడం కుదరదు.

తాడ్వాయి_బీట్
రాయి అన్న చెప్పింది బాగుంది కానీ కాలువ పక్కన అయితే టేకు హాయిగా ఉంటుంది అన్న మాట నేను ఒప్పుకోను. టేకుకు నీళ్ళు కావాలి, నిలవ నీళ్ళు వద్దు. రేగడిలో నీరు నిలిచే చోట నాటిన ప్లాంటేషన్లు ఎన్ని ఎర్రబారి ఆగిపోయాయో నేను చూశాను. వాగు ఒడ్డున లోతైన ఒండ్రు, కింద నీరు జారిపోయే నేల, అక్కడే అసలు టేకు. నర్సంపేట అన్నది గట్టు మీద ఉంది కాబట్టి బతికిపోయింది. గట్టు కింద నాటి ఉంటే ఈ కథ తిరగబడేది.

గోదావరిఖని_రాయి
ఒప్పుకుంటాను. నేల మాట వచ్చింది కాబట్టి: వరంగల్ వైపు కింద గ్రానైట్, దాని మీద ఎర్ర చెల్క. ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల వైపు ఇసుకరాయి, మన బొగ్గు ఉన్నదీ అందులోనే. నిర్మల్, ఆదిలాబాద్ వైపు నల్లరాయి, దాని మీద రేగడి. ఒకే వాన పడినా ఈ మూడు నేలలు నీటిని పట్టి ఉంచే తీరు వేరు. ఇసుక నేలలో వాన ఆగిన కొద్ది రోజులకే చెట్టు ఆకు వాలుస్తుంది.

వడ్ల_మనవడు
మా తాత ఎప్పుడూ "సన్న గీతల కర్ర గట్టిది, లావు గీతలది బోలు" అనేవాడు. అంటే గుట్ట చెట్టుకే ఎక్కువ రేటు రావాలి కదా?

హన్మకొండ_బాటనీ
పైన్, దేవదారు లాంటివాటికి తాతగారి మాట చాలావరకు సరిపోతుంది. టేకుకు అలా కుదరదు. పెద్ద గొట్టాల వరస ఎటూ ఉండేదే. మందం పెరిగితే పెరిగేది ఎక్కువగా వెనక వచ్చే గట్టి భాగం. వలయాలు మరీ సన్నగా ఉంటే గొట్టాల వరసలు దగ్గరదగ్గరగా చేరి కర్ర ఇంకా బోలుగా ఉండే అవకాశం ఉంది. త్వరగా పెరిగిన టేకు బలహీనం అన్న మాటకు ఆధారం తక్కువ. అయితే వయసు తక్కువ ఉన్నప్పుడే కొడితే చేవ తక్కువ, తెల్లకర్ర ఎక్కువ. అది వయసు సంగతి, వలయం మందం సంగతి కాదు.

వడ్ల_మనవడు
సరే మేడమ్, కానీ చేతిలో ఉలి పట్టుకున్నవాడికి తెలిసేది వేరు. నీళ్ళు కట్టి పెంచిన తోట టేకు, అడవి టేకు రెండూ చిత్రిక పడితే తేడా ఉంది. నూనె లేదు, పురుగు తొందరగా పడుతుంది. పుస్తకం ఏమన్నా నేను అడవిదే కొంటా.

డిపో_బాబాయ్
తోట టేకు అని పదిహేనేళ్ళకే కొట్టి తెస్తారు, అందులో చేవ ఎంత ఉంటదయ్యా. మేడమ్ చెప్పిందీ అదే. ఇద్దరూ ఒకే మాట అంటూ కొట్లాడుకుంటున్నారు.

పరకాల_పోరడు
నాకో డౌటు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. వాన పడింది కదా. మోరంచపల్లి మునిగిందీ అప్పుడే. ఆ ఏడు వలయం బొటనవేలంత ఉండాలి మరి?

తాడ్వాయి_బీట్
ఉండదు. ఒక్కరోజు వాన వాగుల్లో పడి గోదావరికి పోతుంది. చెట్టు దాచుకునేది నేల పట్టి ఉంచినంతే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వారం వారం ఓ మోస్తరు జల్లు పడిన ఏడే టేకుకు పండగ. వాలు మీద అయితే మరీ, నీళ్ళు మట్టిని కూడా తీసుకుపోతాయి.

హన్మకొండ_బాటనీ
దీనికి మంచి రుజువు ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళు మధ్య భారత టేకు మీద చేసిన పనిలో వానతో పాటు నేల తేమ సూచీని కూడా వలయాలతో పోల్చారు. వేరు దగ్గర అందే తేమకు పెద్ద పాత్ర ఉందని తేలింది. పైగా ముందటి ఏడు తేమ ప్రభావం కూడా కనబడింది. అంటే కరువు తర్వాతి ఏడు బాగా వాన పడినా చెట్టు ఒక్కసారిగా లేవదు. చిగురు వేయడానికి వాడేది పోయినేడు దాచుకున్న తిండే కదా.

కేరళ టేకుల నుంచి ఏ ఏటి వలయం ఎంత మందమో చెప్పే 523 ఏళ్ళ వరస తయారు చేశారు. అందులో సన్న వలయాలు చాలావరకు ఎల్ నినో ఏళ్ళ కరువులతో కలుస్తాయి. అంతకు ముందే జావాలో బెర్లాగె అనే ఆయన 1931లో టేకు వలయాలతో 1514 నుంచి 1929 దాకా వరస ప్రచురించాడు. వేడి దేశాల చెట్లలో ఏం చదువుతాం అని పెదవి విరిచే రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

అంకెల_పిచ్చి
అందరూ వానల మీద పడ్డారు, అసలు లెక్క ఒకటి మర్చిపోయారు. చెట్టు లావెక్కే కొద్దీ వలయం ఎటూ సన్నబడుతుంది. వ్యాసార్ధం 5 సెం.మీ. ఉన్నప్పుడు 1 సెం.మీ. వలయానికి పట్టే కర్రను 20 సెం.మీ. వ్యాసార్ధం దగ్గర చుడితే 3 మి.మీ. కూడా రాదు. కాబట్టి బెరడు వైపు వలయాలు సన్నగా ఉన్నాయని "ఈ మధ్య వానలు తగ్గాయి" అనేవాళ్ళను నమ్మకండి. ముందు వయసు వల్ల వచ్చే తగ్గుదల తీసేయాలి, తర్వాతే వాతావరణం మాట. పక్క చెట్టు నీడ పడినా సన్నబడుతుంది, పక్క చెట్టు కొట్టేస్తే ఒక్కసారిగా లావెక్కుతుంది. కొమ్మలు నరికినా, అగ్గి తగిలినా అంతే.

తాడ్వాయి_బీట్
అగ్గి సంగతి నిజం. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో, తునికాకు కోసం పెట్టే మంటలు మొదట్లో ఒక పక్కన బెరడును కాలుస్తాయి. ఆ చోట మచ్చ లోపలే ఉండిపోతుంది, తర్వాతి ఏళ్ళ కర్ర పక్కల నుంచి దాన్ని కప్పుతూ వస్తుంది. మచ్చ ఏ వలయంలో ఉందో చూసి మంట ఏడు చెప్పొచ్చు.

2024 ఆగస్టు 31న మా దగ్గర గాలికి వేల చెట్లు నేలకొరిగాయి కదా, మేడారం-తాడ్వాయి మధ్య. దారికి అడ్డంగా పడ్డవాటిని కోస్తుంటే మొద్దుల మీద ఇలాంటి మచ్చలు చాలా చూశాను. ఒక నల్లమద్ది మధ్యభాగం అసలు మధ్యలోనే లేదు. ఒక పక్క నాలుగు వేళ్ళు, ఇంకో పక్క మూరెడు.

పరకాల_పోరడు
దక్షిణం వైపు ఎండ ఎక్కువ కాబట్టి అటు వలయాలు వెడల్పు ఉంటాయంట కదా? అడవిలో దారి తప్పితే మొద్దు చూసి దిక్కు తెలుసుకోవచ్చని విన్నా.

మొద్దు_మాస్టారు
ఆ మాట నమ్మి నడిస్తే ఛత్తీస్‌గఢ్‌లో తేలతావు. ఒక పక్క వెడల్పు రావడానికి ముఖ్య కారణం చెట్టు వాలడం. టేకు, మద్ది లాంటివి వాలితే పై పక్కన కర్ర ఎక్కువ పెడతాయి, లాగి పట్టుకోవడానికి. పైన్ జాతి అయితే కింది పక్కన పెడుతుంది, తోసి నిలబెట్టడానికి. గుట్ట వాలు మీద చెట్లు నేరుగా లేవు కాబట్టి అక్కడ ఎటు గీత గీసి లెక్కపెట్టారన్నది చాలా ముఖ్యం. నర్సంపేట తమ్ముడూ, ఇసుక కాగితం ముందు గరుకుది, తర్వాత నునుపుది పెట్టి రుద్దు. తడిగుడ్డతో తుడిచి భూతద్దం పెట్టి చూడు. ఒక్క గీత వెంట కాదు, కనీసం మూడు వైపుల.

పాలమూరు_పిట్ట
మా పిల్లలమర్రి 700 ఏళ్ళది అంటారు. దానికి కూడా ఇలా చూడొచ్చా?

హన్మకొండ_బాటనీ
మర్రికి ఏడాదికి ఒకటి అని నమ్మదగ్గ వలయాలు రావు, పైగా ఊడలే కాండాలవుతాయి. చింత, వేప కూడా నమ్మకంగా లెక్కపెట్టలేనివే. అలాంటి చెట్లకు కార్బన్ పరీక్ష చేస్తారు. అణుబాంబు పరీక్షల వల్ల 1960ల మొదట్లో గాలిలో రేడియో కార్బన్ బాగా పెరిగింది కాబట్టి, ఆ తర్వాత పెరిగిన కర్ర ఏ ఏటిదో దగ్గరగా పట్టుకోవచ్చు. 700 ఏళ్ళ మాట మాత్రం మొద్దు మీద గీతలతో తేలేది కాదు.

దొరగడి_వారసుడు
మా ఊళ్ళో పాత గడి (దొర బంగ్లా) దూలాలు, స్తంభాలు అన్నీ టేకే. ఎప్పుడు కట్టారో ఎవరి దగ్గరా కాగితం లేదు. వలయాలు చూసి చెప్పగలరా?

అంకెల_పిచ్చి
చెప్పే పద్ధతి ఉంది. దూలంలోని సన్నం-లావు వరసను అదే ప్రాంతపు పాత చెట్ల వరసతో జరుపుతూ ఎక్కడ కుదురుతుందో చూస్తారు. కానీ చిక్కేమిటంటే వడ్రంగి చెక్కేటప్పుడు బెరడు, తెల్లకర్ర తీసేసి ఉంటాడు. చివరి వలయాలు పోయాయి. అప్పుడు "ఈ ఏటి తర్వాతే కొట్టారు" అనగలం, ఏ ఏడో అనలేం. ఎక్కడైనా ఒక వాసం మూలకు బెరడు మిగిలి ఉంటే దాన్ని పారేయకండి.

చెల్క_రైతు_నర్సంపేట
మాస్టారు చెప్పినట్టు రుద్ది చూశాను. గుట్ట చెట్టుకు వాలు పై వైపు 33 దొరికాయి. బెరడు నుంచి లోపలికి లెక్కిస్తే 10, 11 వెంట్రుక అంత సన్నం. ఇంకో వైపుకు పోయేసరికి రెండూ కలిసిపోయాయి. 16, 23 కూడా సన్నమే. బెరడు దగ్గరిది 2024 అనుకుంటే 10, 11 అంటే 2015, 2014. 16 అంటే 2009, 23 అంటే 2002. ఆ ఏళ్ళు నాకు బాగా గుర్తు. 2015లో మా బోరు ఎండిపోయింది. కాలువ చెట్టులో ఒక గీత సగం దూరం పోయి మాయమైంది, అది తీసేస్తే 34.

పరకాల_పోరడు
అదిరింది అన్నా 🔥

అంకెల_పిచ్చి
అంత తొందరొద్దు. నీకు కరువు ఏళ్ళు ముందే తెలుసు, సన్న గీతలు అక్కడే కనబడ్డాయి. ఒక గీత ముందుకు జరిగినా నీ జాబితా మొత్తం జరిగిపోతుంది. 2002 జులైలో దేశంలో వాన సగానికి పడిపోయింది, 2009 కరువూ నిజమే. కానీ ఒక్క చెట్టు మీద ఏడు ఖాయం చేయడం పద్ధతి కాదు. ఆ కరువు ఏళ్ళు తెలియని మనిషితో ఇంకోసారి లెక్కపెట్టించు. గుట్ట మీద ఇంకా నిలబడ్డ చెట్లలో కూడా అదే వరస ఉందా చూడాలి. అన్నిట్లో 10, 11 సన్నగా వస్తే అప్పుడు నేనే ముందు చప్పట్లు కొడతా.

చెల్క_రైతు_నర్సంపేట
దానికోసం మిగతా చెట్లు కొట్టాలా సార్? పిల్ల పెళ్ళికి ఉంచినవి అవి.

మొద్దు_మాస్టారు
కొట్టొద్దు. బోలు బర్మా లాంటి పరికరం ఉంటుంది, చేత్తో తిప్పితే పెన్సిల్ కంటే సన్నం, సుమారు 5 మి.మీ. పుల్ల బయటికొస్తుంది. చెట్టుకు ప్రాణం పోదు. కానీ టేకు గట్టి కర్ర, తిప్పేవాడి భుజాలకు పని. కలప కోసం ఉంచిన చెట్లంటున్నావు కాబట్టి ఆ రంధ్రం ఎక్కడ పడాలో ఆలోచించి చేయాలి.

డిపో_బాబాయ్
రంధ్రం ఉంటే మావాళ్ళు దానికీ రేటు తగ్గిస్తారు.

గోదావరిఖని_రాయి
గుట్ట చెట్లలో కూడా పైన బండ మీద ఉన్నవాటినే ఎంచుకోండి. వాలు అడుగున ఉన్నవాటికి పై నుంచి నీరు, మట్టి రెండూ దిగుతాయి, అవి సగం కాలువ చెట్లే.

చెల్క_రైతు_నర్సంపేట
రెండు దుంగలూ అమ్మేశాను. బాబాయ్ చెప్పినట్టే చివరికి చుట్టుకొలత టేపు తీశాడు, వలయాల మాట మళ్ళీ ఎత్తలేదు. గుట్ట చెట్టు అడుగు నుంచి ఒక బిళ్ళ కోయించి ఉంచా. మేడమ్, మీ కాలేజీకి పనికొస్తుందంటే హన్మకొండ వచ్చినప్పుడు ఇస్తాను.

హన్మకొండ_బాటనీ
తప్పకుండా పనికొస్తుంది. ఎండలో పెట్టకండి, పగుళ్ళు వచ్చి సన్న గీతలన్నీ చిరిగిపోతాయి. నీడలో గాలి తగిలేలా నిలబెట్టండి. బెరడు ఊడిపోకుండా తాడు కట్టండి, వాలు పై వైపు ఎటో మార్కర్‌తో రాయండి. కొట్టిన నెల కూడా. మీరు లెక్కపెట్టిన అంకెలు మాత్రం బిళ్ళ మీద రాయకండి, మా పిల్లలు ముందు వాళ్ళంతట వాళ్ళు లెక్కపెట్టాలి.

అంకెల_పిచ్చి
ఆ పిల్లలకు ఈ థ్రెడ్ లింక్ పంపకండి మేడమ్.